పై తేట

డ్రమ్ము మూత విప్పగానే పాత కొవ్వొత్తి వాసన షెడ్డంతా పరచుకొన్నది. తనిఖీ అధికారి నడుము వంచి, కళ్ళు మూసుకొని, చిన్ననాటి స్నేహితుని గొంతును పోల్చుకొన్నంత ఇష్టంగా ఆ వాసనను పోల్చుకొని తల ఊపాడు. ఏ సరుకు వచ్చినా కాగితం కంటే ముందు ముక్కుతో చూడటం ఆయన అలవాటు. అందుచేత కూలీలు మొదలుకొని గుమాస్తాల దాకా రేవులో అందరూ ఆయనను చాటుగా వాసనాచార్యుడనేవారు. ఆ పేరు ఆయనకు తెలుసు. తెలియనట్లు ఉండటమే ఆయన పెద్దరికం.

"కొవ్వు ఆమ్లమే చెల్లెమ్మా, సందేహం లేదు. ఏ ఆమ్లం ఎంత పాలన్నది ల్యాబువాళ్ళు తేలుస్తారు," అన్నాడు.

కోడలు ఫైలు గుండెకు ఆనించుకొని నిలబడి ఉన్నది. ఈ సరుకును రేవు దాటించే క్లియరింగ్ ఏజెంటు ఆమె మామగారు. ఆయన తరఫున షెడ్డులో నిలబడి సంతకాలు చేసే పని ఆమెది. సరుకు బట్టల సబ్బు తయారీకి వాడే మిశ్రమ కొవ్వు ఆమ్లమని ఒక పత్రం, తినుటకు కాదని ఒక పత్రం, మొక్కల నూనెల నుండి తీసినదని ఒక పత్రం, ఒంటిమీద పడితే ఏమి చేయవలెనో చెప్పే పత్రం వేరొకటి. అన్నీ వరుసగా ఉన్నవి. ఇక నమూనా తీసి సీలు వేయటమే మిగిలింది.

అధికారి స్టీలు గొట్టాన్ని గుడ్డతో తుడిచి డ్రమ్ములోకి దించాడు. అది తేనెరంగు ద్రవంలోకి సుళువుగా దిగి, మూరెడు లోతున మెత్తగా ఆగిపోయింది. మణికట్టు తిప్పి కొంచెం ఒత్తాడు. అడుగున తెల్లగా పేరుకొన్నది దారి ఇవ్వలేదు.

"పేరుకుంది. ఈ చలికి ఇంకేమవుతుంది? వేడిగదిలో పెట్టించి, కరిగాక బాగా కలియబెట్టి తియ్యాలి. రేపు మధ్యాహ్నం రండి."

"రేపా అన్నయ్యగారూ? అక్కడ సబ్బుల ఫ్యాక్టరీలో కాగులన్నీ ఖాళీగా కూర్చున్నాయి. యజమాని పొద్దుట్నుంచీ మామయ్యగారి ప్రాణం తోడేస్తున్నాడు."

"కూర్చోనీ. మనమేమన్నా నించోమన్నామా?"

ఆమె నవ్వి, పక్కకు వెళ్ళి మామగారికి ఫోను చేసింది. ఆయన ఇంకొక ఓడ దగ్గర ఉన్నాడు. క్రేను మోతలో మాట సగమే వినిపించింది. "రేపంటే కుదరదమ్మా! ఇవాళే తియ్యమను. నా మాటగా చెప్పు!" ఫోను పెట్టేశాడు.

ఆమె తిరిగి వచ్చి చెప్పింది. "ఇవాళే తియ్యమన్నారండీ. తన మాటగా చెప్పమన్నారు."

అధికారి మూత బిగించటానికి రెంచీ పట్టుకొన్న చేయి ఆపాడు.

"తూకంగారి మాటా!" అన్నాడు.

ఆమె మామగారిని రేవులో అట్లాగే పిలిచేవారు. ఆయన రాసి ఇచ్చిన బరువుకూ, రేవు కాటా చూపిన బరువుకూ ఇన్నేళ్ళలో తేడా రాలేదు. ఆయన చెప్పిన సరుకు పెట్టెలో వేరొకటై కనిపించలేదు. కొత్తగా చేరిన అధికారులకు పాతవారు మొదట చూపించేది ఓడలను కాదు, ఆ ముసలాయన సంతకాన్ని.

"ఆయన సరుకుని రెండోసారి చూడ్డమంటే నా ముక్కుకే అవమానం," అని అధికారి రెంచీ కింద పెట్టాడు. పైన తేరి ఉన్న ద్రవాన్నే గొట్టంతో పీల్చి మూడు సీసాలు నింపాడు. లక్క కరిగించి మూతలమీద పోసి ముద్ర వేశాడు. కోడలు సంతకం చేసింది. ఇద్దరి మనస్సులోనూ ఏ మచ్చా లేదు. ఒకరు త్వరగా పని జరిగినందుకు, ఒకరు పెద్దవాని మాట నిలిపినందుకు సంతోషించారు.

వారం తిరగకముందే ల్యాబు నివేదిక వచ్చింది.

మామగారు దానిని తన ఆఫీసులో నిలబడే చదివాడు. చదివి, కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచి, పెట్టుకొని, మళ్ళీ చదివాడు. నమూనా మిశ్రమం కాదనీ, దాదాపు శుద్ధమైన ఓలియిక్ ఆమ్లమనీ, డిక్లరేషనులో చూపిన సుంకపు శీర్షిక కిందికి రాదనీ అందులో ఉన్నది. దాని వెనుకనే నోటీసు. ఎక్కువ సుంకం పడవలసిన సరుకును తక్కువ సుంకపు పేరుతో దింపించినందున ఏజెంటు లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో విచారణకు వచ్చి చెప్పుకోవలెను.

ఆయన కూర్చున్నాడు. కుర్చీ అటు ఉంటే, ఇటు ఉన్న పాత కాగితాల కట్టమీద కూర్చున్నాడు. అక్కడ కూర్చున్నట్లు ఆయనకు తెలియలేదు.

"అమ్మా, ఆ డిక్లరేషను ఇలా తే," అన్నాడు. చూశాడు. "ఇది నా సంతకమేనా?"

"మీదే మామయ్యగారూ."

"నాదే," అన్నాడు. ఆ చిన్న మాటలో ఉన్న నివ్వెరపాటు ఆమె అంతకు ముందెన్నడూ ఆయన గొంతులో వినలేదు. ఇంట్లో పైకప్పు కారినా, కొడుకు పనిచేసే ఓడ తుపానులో చిక్కినా, ఆయన ముందు గొంతు సవరించుకొని తరువాత మాట్లాడే మనిషి. ఇప్పుడు గొంతు సవరించుకోలేదు.

మెట్లమీద మాటలు వినిపించి, ఈ గుమ్మం దగ్గరకు రాగానే ఆగిపోయినవి. పక్క ఆఫీసు గుమాస్తాలు తలలు వంచుకొని దాటిపోయారు. పలకరించకుండా ఆ గుమ్మం దాటటం వారికి అదే మొదటిసారి. పోయినవారిలో ఒకడు దిగువ మలుపులో అన్న మాట పైకి వచ్చింది: "తూకంగారి తూకమే తప్పిందట్రా!" వెంటనే మరొకడు "ష్" అన్నాడు. ఆ "ష్" ఆ మాట కంటే లోతుగా గుచ్చుకొన్నది.

సబ్బుల యజమాని వస్తూనే గుమ్మంలో నిలబడి చేతులు జాపాడు.

"ఏంటండీ ఇది! ఓలియిక్కా? శుద్ధమైన ఓలియిక్ కొనే మొహమేనా నాది? అంత తాహతుంటే బట్టల సబ్బెందుకు చేస్తానండీ, ఒంటి సబ్బే చేసేవాణ్ణి కదా!"

ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వించటానికి అనలేదు. కుర్చీ లాక్కొని కూర్చొని, మోకాళ్ళమీద పిడికిళ్ళు పెట్టుకొని కొంతసేపు నివేదికనే చూశాడు. ఆయన మొగంలో రంగు మారింది.

"ఒక్క సంగతి చెప్పండి. డ్రమ్ము కరిగించే తీశారు కదా?"

"ఏం?" అన్నాడు మామగారు.

"చలికి నా సరుకు రెండుగా విడిపోతుందండీ. గట్టిపడేవన్నీ అడుక్కి చేరతాయి. ఓలియిక్ గట్టిపడదు, పైన తేటలా నిలుస్తుంది. పెద్ద ఫ్యాక్టరీలవాళ్ళు యంత్రాలు పెట్టి చల్లబరిచి ఇలాగే వేరుచేస్తారు. మా దగ్గర వేడిగదిలో పెట్టి, కలియబెడితే గానీ గరిటె ముంచనివ్వను. పైతేట ఒక్కటే తీసి పంపితే ల్యాబువాడు మాత్రం ఏం చేస్తాడు? వాడి చేతికొచ్చింది వాడు చూశాడు."

కోడలి వేళ్ళు ఫైలు అంచుమీద అట్లాగే నిలిచిపోయినవి. గొట్టం మూరెడు లోతున మెత్తగా ఆగిన చప్పుడు ఆమె చెవిలో మళ్ళీ వినిపించింది. చప్పుడు కాదది. చప్పుడు లేకపోవటం.

సరుకు పంపినవాడు అబద్ధమాడలేదు. రాసి ఇచ్చినవాడు, తీసినవాడు, పరీక్షించినవాడు, ఒక్కడూ అబద్ధమాడలేదు. ఇందరి నిజాల నడుమ నుండి ఒక అబద్ధం లేచి, ముద్ర వేయించుకొని, బల్లమీదికి వచ్చి కూర్చున్నది.

"కరిగించకుండా తీశాడన్నమాట," అన్నాడు మామగారు. కాగితాల కట్టమీద నుండి లేచాడు. నివ్వెరపోయిన మొగంలోకి మెల్లగా రక్తం వచ్చింది. "ఇన్నేళ్ళ అనుభవం వాడిది. తెలియక తీశాడా? వాళ్ళ బావమరిదిని మన ఆఫీసులో పెట్టుకోమన్నాడు, నేను పెట్టుకోలేదు. అదీ సంగతి! మనసులో పెట్టుకొని నా గొంతు కోశాడు. అమ్మా, రాయి. ఫిర్యాదు రాయి."

"మామయ్యగారూ…"

"రాయమ్మా."

ఆమె రాసింది. ఆయన చెప్పుతున్నాడు, ఆమె కీలు నొక్కుతున్నది. డ్రమ్ము కరిగించలేదు: నిజం. కలియబెట్టలేదు: నిజం. పద్ధతి ఉల్లంఘించి పైభాగం మాత్రమే తీశారు: నిజం. "దురుద్దేశంతో" అన్న మాట దగ్గర ఆమె వేలు తడబడింది. ఆయన ఆ మాటను మళ్ళీ చెప్పాడు, వినబడలేదేమో అనుకొని. ఆమె దానినీ నొక్కింది. ఫోనులో ఆయన అన్న మాటను అక్కడ ఎత్తలేకపోయింది. ఎదుట సబ్బుల యజమాని, గుమ్మం బయట చెవులు. "రేపు పొద్దున్న శుభ్రంగా ప్రతి తీసిస్తాను," అని మాత్రం అన్నది.

ఆ సాయంత్రం ఆమె తిన్నగా ఇంటికి పోలేదు. నివేదిక రాగానే అధికారిని ప్రశ్నించి, షెడ్డు నుండి తప్పించి, కాటా వెనుక ఉన్న పాత నమూనాల గదిలో కూర్చోబెట్టారని గేటు దగ్గర చెప్పారు. గది నిండా అరలు, అరల నిండా లక్క ముద్రల సీసాలు. పని లేక ఆయన ఒక గుడ్డతో వాటి దుమ్ము తుడుస్తున్నాడు. ఆమెను చూచి కుర్చీ జరిపాడు.

"రా చెల్లెమ్మా. తూకంగారు ఎలా ఉన్నారు? కబురంపుదామనుకున్నా. నోటీసు అందుకున్న మనిషికి నేను కబురంపితే బాగోదని ఆగాను."

ఆమె కుర్చీ అంచున కూర్చున్నది. "మిమ్మల్ని ఏమన్నా అడిగారా?"

"అడిగారు. కరిగించలేదని ఒప్పేసుకున్నా."

"ఎందుకు కరిగించలేదని అడగలేదా?"

"అడక్కుండా ఉంటారా? బద్ధకించానన్నాను." ఆయన ఒక సీసాను వెలుతురుకు పట్టి చూచి దాని చోట పెట్టాడు. "మావాళ్ళంతా టక్కున నమ్మేశారమ్మా. అదొక్కటే కొంచెం కష్టంగా ఉంది."

ఆమె బల్ల అంచు పట్టుకొన్నది.

"నేను అడిగానని చెప్పలేదా? మామయ్యగారి మాటగా అడిగానని?"

"చెబితే ఏమవుతుందో నీకు తెలీదు. సుంకంలో తేడా వస్తే కట్టించుకుని వదిలేసే దారులున్నాయి. నమూనా తీసే చోట ఏజెంటు మాట సాగిందని తేలితే దారి లేదు. లైసెన్సు పోయిందంటే పోయినట్టే. ఇప్పుడైతే ఏముంది? మళ్ళీ నమూనా తీస్తారు, సరుకు సరైందని తేలుతుంది, మీ మామగారు బయటపడతారు."

"మీరు?"

ఆయన గుడ్డ దులిపాడు. కిటికీలో నుండి పడే సాయంత్రపు ఎండలో దుమ్ము లేచింది.

"నేను చూడాల్సింది డ్రమ్ముని. చూసింది మీ మామగారిని. ఆ మాట వినగానే నాకింక డ్రమ్ము కనపళ్ళేదు చెల్లెమ్మా. తప్పు నాదే కదా?"

ఫిర్యాదు సంగతి ఆమె చెప్పలేకపోయింది. తన సంచిలో దాని చిత్తు ప్రతి ఉన్నంతసేపూ ఆ గదిలో కూర్చోవటమే ఆమెకు దొంగతనంగా తోచింది. లేచి నమస్కారం పెట్టి వచ్చేసింది.

మరునాడు విచారణ. మామగారు వరండాలో కూర్చొని బూట్లకు పాలిష్ పెట్టుకొంటున్నాడు. ఒకటి మెరుస్తున్నది, ఒకటి ఒడిలో ఉన్నది. అత్తగారు గుమ్మంలో నిలబడి కండువా మడతలు సరిచేస్తున్నది. కోడలు వచ్చి ఆయన ఎదుట నేలమీద కూర్చున్నది.

"ప్రతి తీశావా అమ్మా?"

"తీశాను. ఇచ్చేముందు ఒక మాట చెప్పాలి మామయ్యగారూ. ఆయన ఆ రోజు వేడిగదిలో పెట్టిస్తాను, రేపు రమ్మన్నారు. నేను మీకు ఫోన్ చేశాను. ఇవాళే తియ్యమను, నా మాటగా చెప్పు అన్నారు మీరు. నేను చెప్పాను. అందుకే తీశారు."

బ్రష్షు ఆగింది.

"నేనా? నేనెప్పుడన్నాను?" ఆయన బుకాయించటం లేదు. నిజంగానే వెతుక్కొంటున్నాడు. ఆ వెతుకులాట ఆయన మొగంలో కనిపిస్తుంటే ఆమె చూడలేక తల వంచుకొన్నది. "నాకు గుర్తే లేదే!"

"ఎలా గుర్తుంటుంది?" అన్నది అత్తగారు గుమ్మంలో నుండి. "రోజూ అనేదేగా. పాలవాడితో నా మాటగా చెప్పు. కరెంటువాడితో నా మాటగా చెప్పు. పక్కింటివాళ్ళ పెళ్ళిసంబంధానికీ నా మాటగా చెప్పు. ఈ ఇంట్లో చీపురుకట్టక్కూడా వచ్చు ఆ ముక్క."

"నువ్వు కాసేపూరుకో."

"ఊరుకుంటాను. మీ మాటగా చెప్పండి, ఊరుకుంటాను."

కోడలు నిన్నటి సంగతంతా చెప్పింది. పాత నమూనాల గది, సీసాల దుమ్ము, బద్ధకించానన్న జవాబు. ఆ చివరి మాట వినగానే ఆయన ఒడిలోని బూటు జారి నేలమీద పడింది. తీసుకోలేదు.

"బద్ధకించానన్నాడా? వాడా?"

"అవునండీ. మనం ఏమీ అనకుండా ఊరుకుంటే లైసెన్సు నిలుస్తుంది. ఆయన ఉద్యోగం పోతుంది. ఈ కాగితం ఇస్తే తప్పకుండా పోతుంది."

"ఇలా ఇవ్వు," అని ఆయన ఫిర్యాదు తీసుకొన్నాడు. "ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించు."

ఆమె వేలు "దురుద్దేశంతో" అన్న మాటమీద ఆగింది. ఆయన ఆ వేలినీ, ఆ మాటనూ చాలాసేపు చూశాడు.

"మిగతావన్నీ జరిగినవి," అన్నాడు చివరికి. "నేను సొంతంగా చేర్చింది ఈ ఒక్క ముక్కే."

ఫిర్యాదు మడిచి జేబులో పెట్టుకొని, పాలిష్ పెట్టని బూటునే తొడుక్కొని లేచాడు. ఏమి చేయబోతున్నాడో చెప్పలేదు. దారి పొడవునా ఆయన కాళ్ళలో ఒకటి మెరుస్తూ, ఒకటి మట్టిగా నడిచినవి.

విచారణ గదిలో అధికారిణి వయస్సులో కోడలికంటే పెద్దది కాదు. తనిఖీ అధికారి గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. మామగారిని చూచి అలవాటుగా చేతులు జోడించబోయి, చోటు గుర్తుకు వచ్చి దించేశాడు.

"నివేదిక మీద మీ అభ్యంతరం చెప్పండి," అన్నది అధికారిణి.

"నివేదిక సరైందే తల్లీ. నమూనాయే సరైంది కాదు. కరిగించకుండా తీశారు."

"ఒప్పుకున్నారు. నిర్లక్ష్యం అని రాశాం."

"నిర్లక్ష్యం కాదు. నా మాట మీద తీశారు."

అధికారిణి కలం ఆగింది. గోడ దగ్గర నుండి తనిఖీ అధికారి ఒక అడుగు ముందుకు వచ్చాడు. "లేదు మేడమ్. పెద్దాయన కంగారులో ఏదో అంటున్నారు. నేనే బద్ధకించాను."

"కంగారేం లేదు," అన్నాడు మామగారు. "పైన దేవుడున్నాడు, ఎదురుగా మీరున్నారు. ఇవాళే తియ్యమని నేనన్నాను. అన్నట్టు కూడా నాకు గుర్తులేదు. అంత తేలిగ్గా అన్నాను."

"ఆ మాట మోసుకెళ్ళింది నేను," అన్నది కోడలు. తన గొంతు అంత గట్టిగా పలుకుతుందని ఆమె అనుకోలేదు.

అధికారిణి ముగ్గురినీ మార్చిమార్చి చూచింది. ఆ గదిలో తప్పు తనది కాదనేవారినే చూచిన మనిషి. తప్పు కోసం ముగ్గురు పెనుగులాడటం ఆమెను నిజంగా కలవరపెట్టింది. గ్లాసు ఎత్తి, నీళ్ళు తాగకుండానే దించింది.

"మీరేమంటున్నారో తెలుస్తోందా? సరుకులో మోసం లేదని రేపు తేలినా, ఈ మాట ఫైల్లోకి ఎక్కితే మీ లైసెన్సు నేను ఆపక తప్పదు. ఇంకా రాయలేదు. కావాలంటే ఒకసారి ఆలోచించుకోండి."

"రాయండి," అన్నాడు మామగారు. ఫిర్యాదు ఆయన జేబులోనే ఉండిపోయింది.

ఆమె రాసింది. రాయటం ముగించి, తనిఖీ అధికారి వైపు తిరిగింది. "ఈ ఫైలంతా చూశాను. ఇందులో అబద్ధం ఆడింది మీరొక్కరే. 'బద్ధకించాను' అని. దానికి హెచ్చరిక రాస్తున్నాను. రేపట్నుంచి షెడ్డుకు పొండి. వేడిగది ముందు, గొట్టం తర్వాత. ఎవరి పేరు విన్నా సరే."

మామగారు మెడలోని రేవు పాసు తీసి బల్లమీద పెట్టాడు. దాని దారం మెడదగ్గర ఎన్నో ఏళ్ళుగా ఒరుసుకొన్న చోట చర్మం నున్నగా ఉన్నది. లైసెన్సు తిరిగి ఎప్పుడు వచ్చునో, అసలు వచ్చునో రాదో ఆ ఉత్తరువులో లేదు. ఈ ఒక్క సరుకు దాటేవరకు కోడలి పాసు చెల్లుతుందని మాత్రం ఉన్నది.

రెండవసారి నమూనా తీసిన రోజున ఆమె షెడ్డు లోపల, ఆయన ఇనుపవల అవతల నిలబడ్డారు. ఆ వల బయట ఆయన నిలబడటం రేవులో ఎవరూ చూడలేదు. కూలీలు బస్తాలు దించి చూశారు. మెట్లమీద పలకరించకుండా పోయిన గుమాస్తాలలో ఒకడు వచ్చి, కూర్చోమని ఒక స్టూలు తెచ్చి వేశాడు. ఆయన కూర్చోలేదు.

వేడిగది నుండి డ్రమ్ము దొర్లి వచ్చింది. మూత విప్పగానే వెచ్చని ఆవిరితో పాత కొవ్వొత్తి వాసన లేచింది. ఈసారి తనిఖీ అధికారి వాసన చూడలేదు. తెడ్డు వేయించి కలియబెట్టించాడు. అడుగున తెలుపు లేదు, పైన తేట లేదు. అంతా ఒకటే రంగు. గొట్టం దించాడు. అది నిరాటంకంగా పోయి, అడుగు రేకుకు తగిలి టక్కున మోగింది. ఆ చప్పుడుకు కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగినవి.

గొట్టం పైకి తీయబోతూ అధికారి, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, తల ఎత్తి వల అవతలికి చూశాడు. చాలునా అని అడిగే చూపు అది. ఆ చూపు తనకోసమేనని మామగారు గ్రహించాడు. తల ఊపితే అది మాట అవుతుంది. ఊపకున్నా, ఎదురుగా నిలబడితే అదీ ఒక మాటే.

ఆయన మెల్లగా అటు తిరిగి, షెడ్డుకు వీపు పెట్టి, ఎదుటి బోసి గోడను చూస్తూ నిలబడ్డాడు.

అధికారి ఆ వీపును ఒక క్షణం చూశాడు. "ఇంకోసారి కలపండ్రా," అని, గొట్టాన్ని మళ్ళీ అడుగుదాకా ముంచాడు.